కోబాట్ ప్రోగ్రామింగ్‌కి పైథాన్ ముందు నేర్చుకోవాలా?

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ చేసి గుంటూరు దగ్గర ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. మాకు కోబాట్, అంటే మనుషుల పక్కనే పనిచేసే రోబో చెయ్యి, వస్తోంది, ప్రోగ్రామింగ్ నువ్వే చూసుకో అన్నారు. పైథాన్ భాష, రాస్ అనే రోబో సాఫ్ట్‌వేర్ లాంటివి ముందు నేర్చుకోవాలా? లేక రోబో చెయ్యి పట్టుకుని చూపించే పద్ధతి ఒక్కటీ సరిపోతుందా?

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉంటాను. చిన్న ఆటోమేషన్ టీమ్‌తో కలిసి ఊళ్ళు తిరుగుతూ ఈ పనే చేస్తాను. నా జవాబు సూటిగా చెప్తాను. పైథాన్ ఇప్పుడే అక్కర్లేదు. చెయ్యి పట్టుకుని చూపించడం ఒక్కటీ అస్సలు చాలదు. ముందు నేర్చుకోవాల్సింది నువ్వు అడిగిన రెండింట్లోనూ లేదు. అది నాకు కారం పెట్టెలు పేర్చే ఒకావిడ దగ్గర దొరికింది.

2021 వేసవిలో గుంటూరు ఊరి బయట ఒక కారం మిల్లులో కోబాట్ పెట్టాం. అరకిలో ప్యాకెట్లు 16 పట్టే అట్టపెట్టె, అంటే 8 కిలోలు. కన్వేయర్ మీద వచ్చిన పెట్టెను సక్షన్ కప్పులతో పట్టుకుని ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) మీద పేర్చాలి. వరసకు 8 పెట్టెలు, ఒకదానిపై ఒకటి 5 వరసలు, మొత్తం 40. చెయ్యి 12.5 కిలోలు మోస్తుంది. గ్రిప్పర్ (పెట్టెను పట్టుకునే భాగం) బరువు కూడా అందులోకే వస్తుంది కాబట్టి అది పోగా 8 కిలోల పెట్టెకు సరిపోయింది. మీ దగ్గర కూడా ఈ లెక్క ముందే చూసుకో. పెట్టె బరువొక్కటే చూసి ఆర్డర్ పెట్టేసి, తర్వాత తల పట్టుకున్నవాళ్ళను చూశాను.

పాయింట్లన్నీ చేత్తోనే చూపించాం. పెండెంట్ (రోబోని నడిపే చేతి స్క్రీన్) వెనక బటన్ నొక్కి పట్టుకుంటే చెయ్యి వదులై మనతో పాటు వచ్చేస్తుంది. కావాల్సిన చోటికి తీసుకెళ్ళి సేవ్ కొట్టడమే. ఒక్కో పెట్టెకు పైనొక పాయింట్, కిందొక పాయింట్, మొత్తం 80. ఖాళీ పెట్టెలకు టేపు వేసి, వాటితోనే చూపించాం. నింపిన పెట్టెలు ఇస్తే ప్రొడక్షన్ ఆగుతుందన్నారు మరి. సాయంత్రానికి ప్రోగ్రామ్ పరిగెత్తింది. ఓనరు గారు వీడియో తీసుకుని ఇంటికెళ్ళారు.

రాత్రి షిఫ్ట్‌లో నిజమైన పెట్టెలు మొదలయ్యాయి. మూడు వరసలు బాగానే పేర్చింది. నాలుగో వరస రెండో పెట్టె దగ్గర టక్కున ఆగిపోయింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు: ప్రొటెక్టివ్ స్టాప్, అంటే రక్షణ కోసం తనే ఆగిపోయింది. రీసెట్ చేశాం. ఇంకో రెండు పెట్టెలు పెట్టి మళ్ళీ ఆగింది. బరువు సెట్టింగ్ తప్పేమో అనుకుని పేలోడ్ (చేతిలో ఉన్న బరువు), గరిమనాభి (ఆ బరువు కేంద్రం) రెండూ మళ్ళీ కొలిచి పెట్టాం. ఇది నిజంగానే చాలాచోట్ల జరిగే తప్పు. చేతిలో ఎంత బరువుందో రోబోకి సరిగ్గా చెప్పకపోతే, ఆ బరువునే ఎవరో తోస్తున్నారనుకుని ఆగిపోతుంది. వదులు చేసినప్పుడు దానంతటదే కిందికో పైకో జారుతుంది కూడా. కానీ మా దగ్గర తప్పు అది కాదు. సక్షన్ కప్పుల అంచుల్లో కారం పేరుకుని గాలి లీకవుతోందేమో అని తడిగుడ్డతో తుడిచాం. తుడిచిన చెయ్యి మర్చిపోయి కన్ను నలుపుకున్న మా కుర్రాడు అరగంట కుళాయి దగ్గరే ఉన్నాడు. తెల్లారింది. ఒక్క ప్యాలెట్ కూడా పూర్తి కాలేదు.

ఆరింటి షిఫ్ట్‌కి ఒకావిడ వచ్చింది. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఉంది. అందరూ పిన్నీ అని పిలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ మిల్లులో పెట్టెలు పేర్చేది ఆవిడే. కాసేపు నిలబడి చూసి, "ఏంది బాబూ, నింపిన పెట్టె పొంగి ఉంటదిగా, దాన్ని అదమకుండా పైన ఇంకోటి పెడితే ఎట్టా కుదురుద్ది?" అంది.

పేర్చి చూపించమని అడిగాను. ఆవిడ పెట్టెను సూటిగా దాని చోట్లో పెట్టలేదు. పక్క పెట్టెకు వేలెడు దూరంలో దించింది. కింద ఆనగానే అరచేత్తో పక్కకు జరిపి, ఆ పెట్టెకు ఆనించింది. తర్వాత పైన చెయ్యి పరిచి ఒక్కసారి అదిమింది. ఇవన్నీ రెండు సెకన్లలో అయిపోయాయి. అదెందుకని అడిగితే చెప్పింది: కారం పోసినప్పుడు అందులో గాలి ఉంటుంది, కాసేపటికి సర్దుకుని కూర్చుంటుంది. అప్పుడే నింపిన పెట్టె ఎత్తు, గంట కిందట నింపిన పెట్టె ఎత్తు ఒకటి కావు. వరస వరసకీ పెట్టె దిశ మార్చి, ఇటుక గోడలో జోడు తప్పించినట్టు పేర్చాలి, లేకపోతే లారీలో ఒరిగిపోతుంది.

మేము కొలిచి చూశాం. కొత్త పెట్టె మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్లు పొంగి ఉంది. మూడు వరసలు ఎక్కేసరికి అది సెంటీమీటరు దాటింది. రోబో మాత్రం ఖాళీ పెట్టెలతో మేము చూపించిన ఎత్తుకే దిగుతోంది. అక్కడ పెట్టె అడ్డం తగులుతోంది, చెయ్యి అదుముతోంది, బలం హద్దు దాటగానే ఆగిపోతోంది. పదిసార్లు పంపినా 0.05 మిల్లీమీటర్ తేడాతో అదే చోటికి రాగల చెయ్యి అది. వచ్చిన చోట పెట్టె లేదు, అంతే.

ఆ రోజు 80 పాయింట్లూ తీసేశాం. పిన్ని చేతులు చేసిందే రాశాం. పెట్టె ఉండాల్సిన ఎత్తుకు మూడు సెంటీమీటర్లు పైన ఆగు. సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో, ఏదైనా తగిలేవరకు దిగు. తగలగానే కొంచెం పైకి లే. పక్కకు జరుగుతూ పక్క పెట్టె తగిలేవరకు వెళ్ళు. కాస్త అదిమి గాలి వదులు. పెండెంట్ మీదే, దిమ్మెలు పేర్చినట్టు కమాండ్లు పెట్టుకుంటూ రెండు గంటల్లో అయిపోయింది. ఒక్క లైను పైథాన్ లేదు. సాయంత్రానికి నాలుగు ప్యాలెట్లు పేర్చింది, ఒక్కసారి కూడా ఆగలేదు. సిగ్నళ్ళకు, వేరియబుల్స్‌కు పేర్లు కూడా "పెట్టెవచ్చింది", "గాలివదులు", "వరసనిండింది" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలే పెట్టాను. రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేసి "వరసనిండింది దగ్గర ఆగిందన్నా" అంటే విజయవాడలో కూర్చుని నాకు అర్థమవుతుంది. అప్పటినుంచి ఏ సైటుకెళ్ళినా ఇలాగే రాస్తున్నాను.

కోబాట్ అనే ఆలోచన పుట్టింది కూడా మనిషి చేతినుంచే. 1996లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో కోల్‌గేట్, పెష్కిన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తయారు చేసిన తొలి కోబాట్లు తమంతట తాము కదిలేవి కావు. తోసేది మనిషి, దారి తప్పకుండా పట్టి ఉంచేది యంత్రం. ఇప్పుడు మనం చూసే తేలికపాటి చేతుల అమ్మకాలు డెన్మార్క్‌కి చెందిన యూనివర్సల్ రోబోట్స్‌తో 2008లో మొదలయ్యాయి. ఎవరైనా చేత్తో పట్టుకుని నేర్పవచ్చన్నది దాని పెద్ద ఆకర్షణ. ఆ మాట నిజమే. కానీ "ప్రోగ్రామింగే అక్కర్లేదు, అరగంటలో పని మొదలు" అని అమ్మేవాళ్ళు చెప్తే నమ్మకు. అరగంటలో అయ్యేది డెమో. తెల్లారేదాకా పడ్డ టెన్షన్‌కి వాళ్ళు పక్కనుండరు.

చెయ్యి పట్టుకుని చూపించేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకో. పాయింట్లను రోబో పీఠం నుంచి కొలవనివ్వకు. ప్యాలెట్ మూలలు మూడు చూపించి, దానికంటూ ఒక ఫ్రేమ్ (కొలతలు మొదలయ్యే చోటు) పెట్టి, ఆ ఫ్రేమ్‌లోనే అన్నీ లెక్క కట్టు. అదే మిల్లులో నెల తర్వాత హ్యాండ్ ప్యాలెట్ ట్రక్ గుద్దుకుని స్టాండ్ జరిగింది. మూడు మూలలు మళ్ళీ చూపిస్తే ఐదు నిమిషాల్లో లైను నడిచింది. పాత పద్ధతిలో ఉంటే మళ్ళీ 80 పాయింట్లూ చూపించుకోవాల్సిందే.

పైథాన్, రాస్ దండగ అని నేననడం లేదు. పెట్టెలు అడ్డదిడ్డంగా వస్తుంటే కెమెరా కావాలి, అప్పుడు పైథాన్ పనికొస్తుంది. రెండు చేతులు ఒకదానికొకటి తగలకుండా దారి వెతకాలంటే రాస్ ఉపయోగపడుతుంది. లైను ఆపే వీలు లేనిచోట రోబోడీకే, రోబోట్‌స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్లలో కంప్యూటర్ మీదే ముందు నడిపి చూసుకుంటాం. ఇక కంపెనీకో భాష: ఏబీబీకి ర్యాపిడ్, కూకా పెద్ద రోబోలకు కేఆర్‌ఎల్, యూనివర్సల్‌కి యూఆర్‌స్క్రిప్ట్. ఒకటి చేతికొస్తే మిగతావి వారం పది రోజుల్లో వచ్చేస్తాయి, ఎందుకంటే అన్నింట్లోనూ ఉండేవి ఫ్రేమ్, వేగం, బలం, సిగ్నల్. నా బాధ ఏమిటంటే, మన దగ్గర మూడు రోజుల రోబోటిక్స్ కోర్సుల్లో నల్లగీత వెంట నడిచే బొమ్మ బండి చేయించి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. అది పట్టుకుని మా దగ్గరికొచ్చిన పిల్లలకు గాలి గొట్టం ఎలా బిగించాలో తెలీదు, సెన్సర్ వైరు ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. తెలివిలో వాళ్ళకు లోటేమీ లేదు, వాళ్ళ ముందు నిజమైన పని ఎవరూ పెట్టలేదు. పాలిటెక్నిక్‌లో ఒక్క పాత కంప్రెసర్, ఒక సిలిండర్, నాలుగు సెన్సర్లు ఇచ్చి వదిలినా ఇంతకంటే బాగా నేర్చుకుంటారు.

కోబాట్ కదా, కంచె అక్కర్లేదు అంటారు చూడు, ఆ మాటకు మాత్రం తల ఊపకు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ వాళ్ళు 2016లో కోబాట్ల భద్రతకు టీఎస్ 15066 అని మార్గదర్శకాలు ఇచ్చారు. 2025లో వాటిని రోబో భద్రతకున్న 10218 ప్రమాణంలోనే కలిపారు. మనిషి ఒంట్లో ఏ భాగానికి ఎంత బలం తగలొచ్చో అందులో పట్టికలున్నాయి. చెయ్యి మెత్తగా ఆగినా, దాని చివర పదునైన రేకు ఉంటే అది ప్రమాదమే. అంచనా వేయాల్సింది గ్రిప్పర్, పెట్టె, ప్యాలెట్, పక్కన నిలబడే మనిషి, అన్నీ కలిపి. మా మిల్లులో పెట్టె అడుగుకీ కన్వేయర్ అంచుకీ మధ్య వేళ్ళు పట్టే సందు ఉందని పిన్నే చూపించింది. ఆ సందు మూసేశాకే సంతకం పెట్టాను.

మిషన్ వస్తే పిన్ని పని ఏమైందని నువ్వడక్కపోయినా చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న అందరి మనసులోనూ ఉంటుంది. ఆ లైనులో ఇప్పుడు పెండెంట్ పట్టుకునేది ఆవిడే. కొత్త సైజు పెట్టె వచ్చినప్పుడు మూలలు చూపించి, ఎత్తు మార్చి, నడిపిస్తుంది. నేను మూడు పూటలు పక్కనుండి నేర్పాను. 8 కిలోల పెట్టెలు రోజంతా ఎత్తి అరిగిన నడుము ఆవిడది. ఇలా చేయమని ఓనరు గారిని అడగడానికి నేను సంకోచించలేదు. నువ్వు కూడా మీ వాళ్ళను అడుగు.

మీ మిషన్ ఇంకా రాలేదన్నావు కాబట్టి ఈ వారమే ఒక పని చెయ్యి. మీ దగ్గర పెట్టెలు పేర్చేవాళ్ళ షిఫ్ట్ ఎప్పుడో కనుక్కుని రెండు గంటలు పక్కన నిలబడు. వీలైతే నువ్వే ఓ యాభై పెట్టెలు పేర్చు. చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ తోసింది, ఎక్కడ అదిమింది రాసుకో. ఆ కాగితం, పెట్టె కొలతలు, నింపాక బరువు ఇక్కడ పెట్టు. ఎన్ని పాయింట్లు చూపించాలో, ఎక్కడ తగిలేవరకు దిగమనాలో కలిసి చూద్దాం.