కారుకి బాస్ పెట్టుకోబోతున్న బుజ్జికి

బుజ్జీ,

కారుకి బాస్, అదే పాటలో గుండెకి తగిలే లోతు మోత, నువ్వే పెట్టుకుంటావట, డిక్కీ దాకా వైరు కూడా నువ్వే లాగుతావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడకి భయం. నాకు భయమూ ఉంది, గర్వమూ ఉంది. చిన్నప్పుడే టార్చిలైటు విప్పి మళ్లీ వెలిగేట్టు బిగించిన పిల్లవి, ఇది నీవల్ల కాదని అనను. కానీ టార్చిలో ఉండేవి రెండు సెల్లులు. కారు బ్యాటరీ షార్టయితే ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదువు.

బాస్ మోగించే పెద్ద స్పీకరు, వూఫర్, కొనేముందు ముందు తలుపుల సంగతి చూడు. తలుపు లోపలి రేకుకి చెయ్యి దూరేంత కంతలుంటాయి. స్పీకరు ముందు నుంచి వచ్చే గాలి, వెనక నుంచి వచ్చే గాలి ఆ కంతల్లోంచి కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. అన్నిటికన్నా ముందు పోయేది బాసే. బ్యూటైల్ షీటుతో (అంటుకునే రబ్బరు షీటు) కంతలు మూసి, స్పీకరు అంచుకి ఫోమ్ రింగు వేస్తే కంపెనీ స్పీకర్లే కొత్తవాటిలా మోగుతాయి. బయటి రేకు లోపలివైపు మధ్యలో ఒక ముక్క అంటిస్తే చాలు, మొత్తం కప్పక్కర్లేదు. అంటించేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. దుమ్ము మీద వేస్తే మన ఎండలకి షీటు ఊడి అద్దం కిందికి జారిపడుతుంది. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకు, వానాకాలంలో నీళ్లు నిలిచి రేకు తుప్పుపడుతుంది.

స్టీరియో మీద 50 వాట్లు, నాలుగు చానెళ్లు అని రాసి ఉంటుంది, నమ్మకు. అది గరిష్ఠం లెక్క. నిలకడగా ఇచ్చేది చానెల్‌కి 15 నుంచి 20 వాట్లే. బాస్ పెంచగానే పాట పగిలిపోయేది అందుకే. వూఫర్‌కి వేరే ఆంప్లిఫయర్ కావాల్సిందీ అందుకే.

పెట్టె విషయంలో నా మాట విను. 12 అంగుళాల పోర్టు పెట్టె (గాలి పోయే గొట్టం ఉన్నది) వద్దు. 10 అంగుళాల వూఫర్, 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్కపీచు పలక) చేసిన మూసిన పెట్టె, లోపల 18 నుంచి 20 లీటర్లు. వూఫర్‌తో వచ్చే కాగితంలో వేరే లెక్క ఉంటే అదే పాటించు. పోర్టు పెట్టె గట్టిగా మోగుతుంది, నిజమే. కానీ అది ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కన్నా కిందికి దిగితే కోనుకి పట్టు పోయి అదుపు లేకుండా ఊగుతుంది. మూసిన పెట్టెలో డప్పు దెబ్బ పడ్డచోటే ఆగుతుంది. పెట్టెని కదలకుండా బిగించు, అయితే కింద ఏముందో చూడకుండా డిక్కీ రేకుకి డ్రిల్లు పెట్టకు. పెట్రోలు ట్యాంకు, పైపులు అటువైపే ఉంటాయి.

ఇక అసలు మాట. ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం.

ఆంప్లిఫయర్ మీద ఫ్యూజు ఉంది కదా, బ్యాటరీ దగ్గర ఇంకోటి ఎందుకు అంటారు. ఇది పాత తప్పు. క్యాసెట్ డెక్కుల కాలంలో, వెనక పార్సెల్ ట్రే మీద 6 బై 9 ఓవల్ స్పీకర్లు పెట్టుకునే రోజుల్లో, డెక్కు లాగేది కొద్ది ఆంపియర్లు. దాని వైరు కారు ఫ్యూజు బాక్సులోంచే వచ్చేది కాబట్టి వేరే ఫ్యూజు గురించి ఎవరూ ఆలోచించక్కర్లేకపోయింది. ఆంప్లిఫయర్లు వచ్చాక వైరు నేరుగా బ్యాటరీ నుంచి లాగడం మొదలైంది. అలవాటు మాత్రం మారలేదు.

ఆంప్లిఫయర్ ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫయర్‌ని. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు కాపాడేది వైరుని. నీ వైరు ఇంజను వేడి పక్క నుంచి, ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య అడ్డం) రేకు కంతలోంచి, గుమ్మం ప్లాస్టిక్ కింద నుంచి, సీటు బోల్టుల పక్కగా నాలుగైదు మీటర్లు పోతుంది. రోజూ బండి అదురుతుంటే రేకు అంచు దాని తొడుగుని కొద్దికొద్దిగా కోస్తుంది. ఒకరోజు రాగి బాడీకి తగులుతుంది. బాడీ అంతా నెగటివే కదా. కరెంటు అక్కడికక్కడే బ్యాటరీకి తిరిగిపోతుంది, ఆంప్లిఫయర్ దాకా వెళ్లనే వెళ్లదు. అక్కడున్న ఫ్యూజుకి ఏం జరిగిందో తెలియదు. వైరు పొడుగునా ఎర్రబడి కార్పెట్ కింద ఫోము అంటుకుంటుంది. ఇంజను ఆపి, తాళం వేసి, సెల్లారులో పెట్టి నువ్వు పైన నిద్రపోతున్నప్పుడు కూడా ఇది జరగొచ్చు, ఎందుకంటే ఆ వైరులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆ కొద్ది ముక్కకి కాపలా లేదు కనుక దానికీ స్లీవు తొడుగు. నీ ఆంప్లిఫయర్ 250 వాట్ల క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం), లాగేది 25 ఆంపియర్ల దాకా. అసలు రాగి 8 గేజ్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), 40 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. చవక కిట్లలో రాగి పూత వేసిన అల్యూమినియం వైరు ఉంటుంది. గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. అదే వాడాల్సివస్తే ఒక సైజు లావుది తీసుకో. గాజు ఫ్యూజు హోల్డర్లు వదులై వేడెక్కి కరుగుతాయి, ఏఎన్ఎల్ రకం (బోల్టులతో బిగించే రేకు ఫ్యూజు) కొను. ఫైర్‌వాల్‌లో ముందే ఉన్న రబ్బరు గ్రోమెట్ (కంత అంచుకి వేసే వలయం) లోంచే వైరు దూర్చు. కొత్త కంత తప్పకపోతే అవతల ఏముందో చూసి, అంచు ఆకురాయితో రుద్ది, గ్రోమెట్ వేశాకే దూర్చు. ఫ్యూజు పోతే కారణం వెతుకు. “పెద్దది వేసేయండి మేడం, ఇక పోదు” అన్నవాడి దగ్గర పని చేయించుకోకు. అలాంటి పని చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

మిగతావి తేలిక. ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. సీటు కింద పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకు. ఎర్త్ వైరు కూడా 8 గేజే, 45 సెంటీమీటర్లకి మించకుండా, పెయింటు గీకి మెరిసే రేకు మీద రింగు టెర్మినల్‌తో బిగించు. సీటు బెల్టు బోల్టుకి వద్దు. కంపెనీ స్టీరియోకి ఆర్సీఏ అవుట్ (ఆంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్) లేదు కనుక స్పీకరు వైర్ల నుంచి ఆంప్లిఫయర్ హై లెవెల్ ఇన్‌పుట్‌కి ఇవ్వు. వైర్లు కోయకుండా మధ్యలో తగిలించే కప్లర్ వాడితే వారంటీ గొడవ తగ్గుతుంది. కరెంటు వైరు ఒక గుమ్మం వైపు, సిగ్నల్ వైరు రెండో వైపు, లేకపోతే ఇంజను ఈల పాటలో వినిపిస్తుంది.

గెయిన్ (ఆంప్లిఫయర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టే మర) చెవితో పెట్టకు. వూఫర్ విప్పేసి, బాస్ బూస్ట్ ఆపి, ఈక్వలైజర్ సున్నాలో ఉంచి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర 50 హెర్ట్జ్ టోన్ మోగించు. 4 ఓంల వూఫర్‌కి 250 వాట్లంటే ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌లో 31.6 ఏసీ వోల్టులు రావాలి, అక్కడ ఆపు. లో పాస్ (అంతకన్నా పై శబ్దాల్ని వూఫర్‌కి పోనివ్వనిది) 80 హెర్ట్జ్. ఫేజ్ స్విచ్ (కోను కదిలే దిశ తిప్పేది) అటూ ఇటూ మార్చి డ్రైవర్ సీట్లోంచి విను, బాస్ నిండుగా ఉన్న వైపే ఉంచు.

94 డెసిబెల్స్ దగ్గర చెవులకి రోజుకి గంటే అనుమతి తల్లీ, ఆ తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కీ సగం.

నెగటివ్ తిరిగి బిగించేముందు రెండు ఫోటోలు పంపు: ఫ్యూజు హోల్డరుదొకటి, వైరు ఫైర్‌వాల్ దాటే చోటిదొకటి. నేను సరేనన్నాకే బిగించు. ఆదివారం ఫోను పక్కనే పెట్టుకుంటాను.

మీ మావయ్య