నీరటి మనవరాలికి

మహబూబ్‌నగర్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నిన్న మీ నాన్న ఫోను చేశాడు. నీకు సైకిల్ రేసు జట్టులో చోటు దొరికిందనీ, వచ్చే నెలలో అయిదు రోజుల రేసుకు పరాయి దేశం వెళుతున్నావనీ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. వాడి గొంతు ఎప్పుడు పూడుకుపోతుందో అక్కను, నాకు తెలియదా! కాసేపటికి తేరుకుని, "దానికి నువ్వే నాలుగు మాటలు చెప్పక్కా, నా మాట వినదు" అన్నాడు. నా మాట వింటావని వాడికి ఎవరు చెప్పారో. ఫోనులో అయితే "సరే అత్తమ్మా" అంటూనే వేరే పని చూసుకుంటావు. అందుకే ఈ ఉత్తరం.

నేను గెలిచిన పందేలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు, ఇంకా బొటనవేలు మిగులుతుంది. కానీ సైకిల్ దిగాక పదకొండేళ్లు జట్ల వెంట తిరిగాను. బాటిళ్లు నింపాను, కాళ్లకు మసాజు చేశాను, రాత్రి పదింటికి బకెట్లలో జెర్సీలు ఉతికాను. రేసును సీటు మీద నుంచి చూసినవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను ఎక్కువగా హోటల్ వరండాలో నిలబడి చూశాను. ఒక్కరోజు రేసు సంగతి వేరు. అయిదు రోజుల రేసులో సగం ఆ వరండాలోనే తేలిపోతుంది.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నా మొట్టమొదటి మూడు రోజుల పందెంలో, మొదటి రోజే పొగరుకొద్దీ గుంపును వదిలేసి ఎదురుగాలిలో నలభై కిలోమీటర్లు ఒక్కదాన్నే ముందు పోయాను. దారి పొడవునా చప్పట్లు బాగానే కొట్టారు. ముగింపు రెండు కిలోమీటర్లు ఉందనగా గుంపు వచ్చి నన్ను మింగేసింది. రెండో రోజు కాళ్లు నా మాట వినలేదు. మూడో రోజు ఘాటు రోడ్డు మొదట్లోనే సైకిల్ దిగి చింతచెట్టు కింద కూర్చున్నాను. ఇంటికొచ్చి చెబితే మీ తాత నవ్వలేదు, తిట్టలేదు. ఆయన ఊరి చెరువుకు నీరటి కదా. చెరువులో నీళ్లెన్ని, తూము ఎంత ఎత్తాలి, ఏ మడికి ఎన్నాళ్లకు పారాలి అని బతుకంతా చూసిన మనిషి. "మొదటి రోజే తూమంతా ఎత్తేశావు. చివరి మడికి నీళ్లెక్కడివి?" అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఎందరో కోచ్‌ల పాఠాలు విన్నాను గానీ, నాకు గుర్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

నీ తూము మొదట తెరుచుకునేది గాలి దగ్గర. ముందున్న చక్రానికి దగ్గరగా, దాని చాటున పోతే శ్రమలో మూడో వంతు దాకా మిగులుతుంది. ఇది నీకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, వంద మందికి పైగా ఉన్న గుంపులో చాటు ఎక్కడ మంచిదో. తోకన ఉంటే హాయి అనుకుంటారు కొత్తవాళ్లు. ప్రతి మలుపు దగ్గరా ముందువాళ్లు కాస్త నెమ్మదిస్తే తోకన ఉన్నవాళ్లు దాదాపు ఆగాలి, ముందువాళ్లు వేగం అందుకున్నాక వీళ్లు ప్రాణం పెట్టి తొక్కాలి. గుంపు రబ్బరులా సాగుతుంది, ముడుచుకుంటుంది. రోజుకు వంద మలుపులుంటే వందసార్లు ఆ దండగ ఖర్చు. పైగా ముందెవరో పడితే దారి మూసుకుపోతుంది. మొదటి ముప్పై మందిలో ఉండు. ఆ చోటు ఎవరూ బొట్టుపెట్టి పిలిచి ఇవ్వరు. భుజానికి భుజం తగులుతుంది, కసురుకుంటారు. తిరిగి కసరనవసరం లేదు, హ్యాండిల్ కదలకుండా ఉంటే చాలు.

పక్క గాలి గురించి నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆషాఢంలో జడ్చర్ల నుంచి కొత్తకోట దాకా సర్వీసు రోడ్డు మీద తొక్కినదానివి. దక్షిణానికి పోయే ఆ రోడ్డు మీద పడమటి గాలి ఈడ్చి కొడుతుంటే మనం ఏం చేసేవాళ్లం? కొంగల బారులా ఏటవాలుగా పరుచుకునేవాళ్లం. అక్కడా అంతే. తేడా ఒక్కటే: రోడ్డు వెడల్పు అయిపోయాక బారులో చోటు ఉండదు. చోటు దొరకనివాళ్లు రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరుగా, గాలికి చాటు లేకుండా మిగిలిపోతారు. అక్కడే గుంపు తెగుతుంది. రాత్రే మ్యాపు తెరిచి, రోడ్డు ఎక్కడ చెట్లు దాటి బయలులోకి వస్తుందో, ఎక్కడ మలుపు తిరిగి గాలికి పక్క ఇస్తుందో గుర్తు పెట్టుకో. ఆ చోటుకు రెండు కిలోమీటర్ల ముందే గుంపు ముందు వరసల్లోకి చేరుకోవాలి.

గుంపు తెగితే ఏమవుతుందో కూడా తెలియాలి. అన్ని రోజుల సమయాలూ కూడితే ఎవరిది తక్కువో వాళ్లదే రేసు. ఒకే గుంపుగా గీత దాటినవాళ్లందరికీ ఒకే సమయం వేస్తారు. నీ ముందు ఖాళీ ఏర్పడితే నువ్వు వేరే గుంపు లెక్క, ఆ సెకన్లన్నీ నీ ఖాతాలో పడతాయి. చాలా రేసుల్లో స్టేజి, అంటే ఆ రోజు పందెం, గెలిచినామెకు పది, రెండో ఆమెకు ఆరు, మూడో ఆమెకు నాలుగు సెకన్లు తగ్గిస్తారు. ఇవన్నీ చిల్లర అనుకుంటావేమో. 2024లో మహిళల టూర్ డి ఫ్రాన్స్ ఎంత తేడాతో తేలిందో తెలుసా? ఎనిమిది స్టేజీలు తొక్కాక నాలుగు సెకన్లు! అయిదో స్టేజిలో, మొత్తం లెక్కలో ముందున్నామెకు ఇచ్చే పసుపు జెర్సీ మీద ఉన్న డెమీ వోలరింగ్, ముగింపు ఆరు కిలోమీటర్లు ఉందనగా పడిపోయింది. ఆఖరి మూడు కిలోమీటర్లలో పడితే తన గుంపు సమయమే ఇచ్చే నియమం ఉంది, ఆమె ఆ హద్దుకు బయట పడింది. నిమిషానికి పైగా పోయింది. ఆ రోజు స్టేజి గెలిచింది ఎవరనుకున్నావు? ఆమె జట్టులోనే ఉన్న బ్లాంకా వాస్. చివరి రోజు ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద వోలరింగ్ అందరికన్నా ముందు దాటింది. పోలండ్ అమ్మాయి కాసియా నెవియాదోమా నిమిషం పైచిలుకు వెనక వచ్చి కూడా నాలుగు సెకన్లతో టూర్ గెలుచుకుంది. ఒకే జట్టుకు ఒక రోజు పండుగ, వారం మొత్తానికి నష్టం. ఈ కథ నేను ఊరికే చెప్పడం లేదు. నీ నాయకురాలు ఎక్కడుందో పది నిమిషాలకు ఒకసారి వెనక్కి చూడు. చెవిలో రేడియో ఉన్నా చూడు.

నాయకురాలు అన్నాను కదా, నువ్వు కాదు ఆమె. నీకు అప్పజెప్పే పని బహుశా నీళ్లు మోయడం. గుంపు వెనక వచ్చే జట్టు కారు దగ్గరికి వెళ్లి, జెర్సీ వీపులోనూ మెడ దగ్గరా ఆరేడు బాటిళ్లు కుక్కుకుని, మళ్లీ గుంపంతా దాటుకుని వచ్చి పంచాలి. ఊళ్లో ఎవరైనా "మా బిడ్డ రేసులో ఎన్నో స్థానం?" అని అడిగితే మీ నాన్న నీళ్లు నములుతాడు. నమలనీ. మన వైపు వాళ్లకు కూలిపని కొత్త కాదు, అందులో చిన్నతనమూ లేదు. కాకపోతే కూలి ముట్టాలి. 2020 నుంచి మొదటి శ్రేణి మహిళా జట్లలో కనీస వేతనం పెట్టారు, ఆ ఏడాది అది 15,000 యూరోలు. నీది అట్టడుగు మెట్టు జట్టు, ఆ నియమం దానికి వర్తించదు. కాబట్టి ఒప్పందం కాగితం సంతకానికి ముందు నాకు పంపు. టికెట్టు ఎవరిది, పడి చెయ్యి విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, బహుమతి డబ్బు ఎలా పంచుతారు, ఈ మూడూ అందులో ఉండాలి. సిగ్గుపడి అడగకపోతే ఎవరూ చెప్పరు. 1955లో ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు అయిదు స్టేజీల టూర్ ఒకటి నడిపి, మళ్లీ 1984 దాకా ఆ మాటే ఎత్తలేదు. మనకు ఏదీ దానంతట అది రాలేదు.

ఇక వరండా సంగతి. గీత దాటిన అరగంటలో ఏదైనా తిను, తాగు. ఆకలి లేకపోయినా తిను. రేసులో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం పోవాలి. మోస్తరు అరటిపండులో 25 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, లెక్క నువ్వే వేసుకో. నాకు నవ్వొచ్చే విషయం ఒకటి చెబుతాను: యూరప్ జట్లలో కూడా సహాయకులు పొద్దున్నే అన్నం మెత్తగా వండి, పళ్లెంలో అదిమి, ముక్కలు కోసి రేకులో చుట్టి ఇస్తారు. మనం చిన్నప్పుడు సద్ది మూట కట్టుకుపోయినట్టే! నువ్వు బెల్లం కలిపి వండడం ఇంట్లోనే సాధన చెయ్యి, కడుపుకు ఏది పడుతుందో రేసు రోజు కనుక్కోవడం మంచిది కాదు. మామిడికాయ తొక్కు సీసా తీసుకుపో గానీ అయిదో రాత్రి దాకా మూత తీయకు. తొక్కేముందు, దిగాక బరువు చూసుకో. కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్లు బాకీ. జెర్సీ మీద తెల్లగా ఉప్పు చారలు కనబడితే ఉత్త నీళ్లు చాలవు.

దిగిన వెంటనే తడి షార్ట్స్ విప్పేయి. ఫొటోలు తర్వాత. మెత్త ఉన్న షార్ట్స్ లోపల వేరే లోదుస్తులు వేయకూడదు, ఒకసారి తొడిగింది ఉతక్కుండా రెండోసారి తొడగకూడదు. సీటు దగ్గర చిన్న పొక్కు మొదటి రోజు దురద, మూడో రోజు పుండు, నాలుగో రోజు ఇంటికి టికెట్టు. సిగ్గుపడి దాచిపెట్టిన పొక్కుతో మంచి మంచి పిల్లలు రేసు వదిలేయడం కళ్లారా చూశాను. సహాయకురాలికి చెప్పు, ఆమె పని అదే. నెలసరి తేదీ రేసులో పడుతుందేమో ఇప్పుడే చూసుకో, సామాను నీదే తీసుకుపో. దాన్ని వాయిదా వేస్తానని కొత్త మాత్ర ఏదీ రేసు వారంలో మొదలుపెట్టకు. అసలు నెలసరే రెండు మూడు నెలలు రాకపోతే, తేలికయ్యానని సంతోషించకు. ఒంటికి తిండి చాలడం లేదన్నమాట, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బయలుదేరే ముందు రక్తంలో ఇనుము పరీక్ష చేయించు. మాత్ర రాస్తే చాయ్‌తో వేసుకోకు, ఒంటికి పట్టదు.

మందుల మాట వచ్చింది కనుక: జలుబు చేసినా సరే, జట్టు డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర వేసుకోకు. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ రేసు రోజున మోతాదు దాటితే నిషిద్ధమే. మీ అమ్మమ్మ ఇచ్చే కషాయం పొడి, జిమ్ములో ఎవరో ఇచ్చిన ప్రొటీన్ డబ్బా, రెండూ ఇంట్లోనే ఉంచు. నీ ఒంట్లో దొరికినదానికి నువ్వే జవాబుదారువు, తెలియక తిన్నానంటే తప్పించుకోలేవు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను పక్కన పెట్టు. మీ నాన్నకు నేను చెబుతాను, రోజూ కబురు నేనే అందిస్తానని.

దిగుడు ఒక్కటే నాకు బెంగ. మనది దేవరకొండ చుట్టుపక్కల బోడిగుట్టల నేల, ఎక్కడం నేర్పుతుంది గానీ మలుపుల్లో దిగడం నేర్పదు. వెళ్లేలోగా రెండుసార్లయినా నల్లమల అడవిలో మన్ననూరు దాటి ఈగలపెంట దాకా వెళ్లి, అక్కడి నుంచి కృష్ణ వైపు దిగే ఘాటులో సాధన చెయ్యి. తోడు మనిషి బండి మీద వెనక రావాలి. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారు, వెలుతురులోనే తిరిగి రా. బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. ఇంటికొచ్చాక టైర్లలో పల్లేరు ముళ్లు ఏరెయ్యి. విదేశానికి మాత్రం కొత్త టైర్లతో వెళ్లు, డబ్బు నేనిస్తాను. మీ నాన్నకు చెప్పనక్కర్లేదు.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకు దేవరకొండ వస్తాను. డిండి రోడ్డు మీద, ఊరు దాటాక మొదటి మర్రిచెట్టు కింద, రేసులో సహాయకులు అందించేలాంటి తిండీ బాటిళ్ల సంచీ పట్టుకుని నిలబడతాను. ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చి చేతిలోంచి అందుకోవాలి, కనీసం ఇరవైసార్లు. మొదటి రెండు మూడుసార్లు కింద పడేస్తావు, అందుకని గాజు సీసాలు తేవడం లేదు.

మీ అత్తమ్మ