ముయ్యేరు రాజ్యం ఎవరిది?

ప్రశ్న: మాది గుణుపురం. 1999లో ఎనిమిదో తరగతి చదువుతుండగా నేనూ, మా వీధిలోని స్నేహితుడూ కలిసి ఒక ఊహా రాజ్యాన్ని కట్టుకున్నాం. దాని పేరు ముయ్యేరు. లాంగ్ నోటుబుక్కులో దాని చరిత్రంతా రాశాం. పటం నేనే గీశాను. ఇప్పుడు మావాడు విశాఖపట్నంలో ఉంటూ ఒక యాప్‌లో అదే రాజ్యం మీద తన పేరుతో సీరియల్ రాస్తున్నాడు. నలభై భాగాలు వచ్చాయి. నా పేరు ఎక్కడా లేదు. మేం గౌరవంగా రాసుకున్న కొండవాళ్లను నరమాంసం తినేవాళ్లుగా మార్చేశాడు. ఫోన్ చేసి అడిగితే, అప్పట్లో నేను సంతకం పెట్టిన కాగితం ఫోటో పంపాడు. ‘క్రికెట్ బ్యాటు తీసుకుని ముయ్యేరు రాజ్యం మొత్తం ఇచ్చేస్తున్నాను’ అని ఉంది. కేసు వేయవచ్చా? ఇదంతా మన వైపు జమీందారుల కథేననీ, సవర గిరిజనులను అవమానించారనీ ఎవరైనా మా ఇద్దరి మీదా కేసు పెడతారేమోనన్న టెన్షన్ కూడా ఉంది. పేరు వేయవద్దు.

జవాబు: మీరు పంపిన పేజీల ఫోటోలన్నీ చదివాను. ముందుగా మనసులో మాట చెబుతాను. పదమూడేళ్ల పిల్లలు రాసినదని అనిపించలేదు. ఏటివారు, కొండ మీది మెట్టవారు అని రెండు జనాలు. మెట్టవారు చింతపండు, పసుపు దించుకుని ఉప్పు ఎక్కించుకుపోవడం, రాజు ఉప్పు మీద సుంకం వేయగానే సంత బోసిపోవడం. రాజు చనిపోతే తొమ్మిది రోజులు కోటలో ఏ వాద్యమూ మోగకూడదు. పదో రోజు మెట్టవారి పెద్ద వచ్చి తుడుము మీద దెబ్బ వేస్తేనే కొత్త రాజు రాజవుతాడు. ఏడో తరం రాజుకు ఆ పెద్ద దెబ్బ వేయడానికి ఒప్పుకోలేదు. రాజ్యం పదకొండేళ్లు రాజు ఉండీ రాజు లేకుండా నడిచింది. సంత మధ్యలో శాసనపు రాయి. ఒక వైపు ఏటివారి భాషలో ఆజ్ఞలు, మెట్టవారి భాషకని వదిలిన రెండో వైపు ఖాళీ. ఆ ఖాళీ వైపును మీరు ఎర్ర సిరాతో గీసి, లోపల ఏమీ రాయకుండా వదిలేశారు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఈ ఊహ ఎక్కడినుంచి వచ్చిందో మన వైపు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. గుణుపురం 1936 ఏప్రిల్ 1కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద, జయపురం సంస్థానంలో ఉండేది. ఆ రోజుతో ఒడిశా వైపు వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర మాట వినబడే చోట పెరిగిన పిల్లాడికి ఒక వైపు ఖాళీగా ఉన్న రాయి తోచడంలో ఆశ్చర్యం లేదు. సవరల కోసం సొరంగ్ సొంపెంగ్ లిపిని మంగేయ్ గొమాంగో తయారు చేసింది కూడా 1936లోనే. ఇంత సొంతంగా పుట్టిన దాన్ని పోగొట్టుకున్న బాధ నాకు అర్థమవుతోంది. అయితే చట్టం బాధను కొలవదు, కాగితాన్ని కొలుస్తుంది. ఇక దానికి వద్దాం.

మొదట మీకు నచ్చని మాట. రాజ్యం ఎవరిదీ కాదు. కొండకూ ఏటికీ మధ్య తగువు, రెండు భాషల రాజ్యం, సుంకం మీద తిరుగుబాటు అన్నవి ఆలోచనలు. ఆలోచనకు కాపీరైట్ ఉండదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఆ కేసు మీ కథకు దగ్గరిదే. ప్రాంతీయ దురభిమానం మీద రాసిన తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారని రచయిత కోర్టుకు వెళ్లాడు. నాటకంలోనూ సినిమాలోనూ ఢిల్లీలో ఉండే ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం. అయినా సినిమా ఇల్లు అద్దెకివ్వడంలోని వివక్షనూ, కట్నం సమస్యనూ కూడా చూపిందనీ, నడక వేరనీ చెప్పి కోర్టు రచయిత దావాను ఒప్పుకోలేదు. ఇతివృత్తం ఒకటైనంత మాత్రాన చాలదు, చెప్పిన తీరులో ముఖ్యమైన భాగం ఎత్తుకుపోయారని చూపాలి. పేరు సంగతీ అంతే. ఒట్టి శీర్షికకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి ‘ముయ్యేరు’ అన్న మాటను వాడవద్దని ఆపలేరు.

మరి ఆపగలిగేది ఏమిటి? ఇక్కడ మీ చేతిలో గట్టి సరుకే ఉంది. తొమ్మిది రోజుల మౌనం, పదో రోజు తుడుము దెబ్బ, పదకొండేళ్ల ఖాళీ సింహాసనం, రెండో వైపు రాయని రాయి, ఇవన్నీ అదే వరసలో, ఒకదానికి ఒకటి అల్లుకుని నోటుబుక్కులో ఉన్నాయి. సీరియల్ మొదటి పన్నెండు భాగాల్లోనూ అదే వరసలో ఉన్నాయని మీరు రాశారు. ఇది ఆలోచన దాటి చెప్పిన తీరులోకి వచ్చేసింది. మీరు చేయాల్సిన పని ఒక కాగితాన్ని మధ్యకు గీత గీసి, ఎడమ పక్క నోటుబుక్కులో మాటలు, కుడి పక్క సీరియల్‌లో మాటలు ఎత్తి రాయడం. వాక్యాలకు వాక్యాలు కలిసిన చోట్లు విడిగా గుర్తు పెట్టండి. కోర్టులో జడ్జి గారు చూసేది ఆ కాగితమే.

పటం విషయం వేరు. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 2(సి) కింద పటం కళాకృతి. అది మీరొక్కరే గీశారు కాబట్టి మీ ఒక్కరిదే. మూడు ఏరులూ కలిసే చోట చేప ఆకారంలో మీరు గీసిన లంకతో సహా ఆ పటాన్నే సీరియల్ ముఖచిత్రం మీద వేశాడంటే, అది మీ కేసులో అన్నిటికన్నా బలమైన ముక్క. నేనైతే దానితోనే మొదలుపెడతాను.

కథ భాగం మీ ఇద్దరిదీ. ఫోటోల్లో చూశాను, ఒకే పేరాలో రెండు చేతిరాతలు. మీ నీలం సిరా వాక్యం మధ్యలో ఆగిపోతే అతని నల్ల సిరా అందుకుంది. ఎవరి భాగం ఏదో విడదీయలేనంతగా కలిసిపోయిన రచనను సెక్షన్ 2(జెడ్) ఉమ్మడి రచన అంటుంది. అంటే దాని మీద అతనికీ హక్కు ఉంది, మీకూ ఉంది. ‘వాడు దొంగ’ అని మీరు అనలేరు, ‘అంతా నాదే’ అని అతనూ అనలేడు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు రెండో వారి ఒప్పుకోలు లేకుండా బయటివాళ్లకు లైసెన్సు ఇవ్వకూడదన్నదే కోర్టుల ధోరణి. యాప్ కంపెనీతో అతను చేసుకున్న ఒప్పందంలో ‘ఇది పూర్తిగా నా సొంత రచన’ అని రాసిచ్చి ఉంటే, అతనికి అక్కడే చిక్కు.

ఇక క్రికెట్ బ్యాటు కాగితం. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లోనే, అప్పట్లో మనకు పై కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ మొహిరీ బీబీ కేసులో తేల్చింది. అదే సూత్రం నేటికీ అమల్లో ఉంది. రచనకు హక్కుదారు కావడానికి వయసు అడ్డు కాదు. పదమూడేళ్ల పిల్లాడు రాసినా కాపీరైట్ పిల్లాడిదే. దాన్ని రాసిచ్చేయడానికే వయసు కావాలి. ఒకవేళ అప్పటికి మీరు మేజరనే అనుకున్నా, సెక్షన్ 19 ప్రకారం కాలం రాయని బదిలీ ఐదేళ్లే చెల్లుతుంది. ఆ ఐదేళ్లూ ఎప్పుడో గడిచిపోయాయి. అయితే ఆ కాగితాన్ని ఖండించకండి, చించమని అతనికి చెప్పకండి. రాజ్యంలో అంతకుముందు మీకు హక్కు ఉండేదని అతనే ఒప్పుకున్న కాగితం అది. లేనిదాన్ని బ్యాటు ఇచ్చి ఎవరూ కొనరు.

మీ ఉత్తరంలో ఎక్కువ నొప్పి కొండవాళ్ల గురించి మాట్లాడిన చోట కనబడింది. మీ నోటుబుక్కులో మెట్టవారి పెద్ద రాజు కళ్లలోకి చూసి, “నీ ఉప్పు నా నోటికి చేరలేదు, నా దెబ్బ నీ చెవికి చేరదు” అంటాడు. సీరియల్‌లో అదే పెద్ద రాజు తమ్ముడిని కాల్చుకు తింటాడు. సెక్షన్ 57 రచయితకు రెండు హక్కులిస్తుంది. ఒకటి, రచన మీద తన పేరు ఉండాలని కోరడం. రెండు, తన పరువుకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకోవడం. కాపీరైట్ అమ్ముకున్నా ఈ రెండూ పోవు. నలభై భాగాల్లో మీ పేరు లేకపోవడానికి మొదటిది, మెట్టవారి పెద్దను అలా మార్చినందుకు రెండోది. నా అనుభవంలో ఈ సెక్షన్‌ను మన వైపు ఎవరూ వాడుకోరు. మీరు వాడండి.

ఇది మీ రెండో భయానికి కూడా జవాబే. మెట్టవారు సవరలేనని చదివేవాళ్లకు తెలిసిపోయేలా పేర్లు, దుస్తులు, పండుగలు పెట్టి, వాళ్లను నరమాంస భక్షకులుగా రాస్తే, పైన ‘కల్పితం’ అన్న మాట రక్షించదు. షెడ్యూల్డ్ తెగల వారి మీద రాతల ద్వారా ద్వేషం రేపితే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(యు) కింద నేరం. వర్గాల మధ్య వైరం పెంచడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196లోకి వస్తుంది, శిక్ష మూడేళ్ల వరకు. అయితే 196 కేసులో ఉద్దేశమే ప్రాణం. ఏదో ఒక్క వాక్యం పట్టుకుని లాగకూడదు, పుస్తకమంతా కలిపి చదవాలని సుప్రీంకోర్టు 2007లో మంజర్ సయీద్ ఖాన్ కేసులో చెప్పింది. మీ నోటుబుక్కును మొత్తం చదివిన ఎవరికైనా మీ ఉద్దేశం తెలుస్తుంది. సీరియల్ గురించి ఆ మాట నేను అనలేను. అందుకే దాన్ని మీరు రాయలేదనీ, ఆ మార్పుకు ఒప్పుకోలేదనీ ఇవాళే రాతపూర్వకంగా అతనికి తెలియజేయండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ ఉత్తరమే మీ రక్ష.

మన దగ్గర సవరల కోసం పని చేసిన తెలుగువాడు గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం రాశారు. ఆ నేల మీద పుట్టిన కథలో ఈ రాత చూడడం నాకూ కష్టంగానే ఉంది.

జమీందారుల సంగతి త్వరగా చెప్పేస్తాను. పరువు నష్టం ఇప్పుడు సంహితలో సెక్షన్ 356. చనిపోయినవారి మీద రాసినా, బతికున్న కుటుంబాన్ని బాధపెట్టాలనే ఉద్దేశం ఉంటే నేరమే అవుతుంది. మీ ఏడో తరం రాజు ఫలానా సంస్థానాధీశుడేనని గుర్తుపట్టే ఆనవాలు మీ పేజీల్లో నాకు కనబడలేదు. ఉప్పు సుంకం వేసిన రాజులు దేశమంతా ఉన్నారు.

ఇప్పుడు చేయవలసినవి. వాట్సాప్‌లో తిడుతూ మెసేజీలు పెట్టకండి. ఆధారం లేకుండా కేసు పెడతానని బెదిరిస్తే, అవతలివాడు కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద మీ మీదే దావా వేయవచ్చు. లాయరు చేత మర్యాదగా ఒక నోటీసు ఇప్పించండి. పటం తీసేయడం, పేరు చేర్చడం, కొండవాళ్ల భాగాలు సరిచేయడం, రాబడిలో వాటా, ఈ నాలుగే అడగండి. యాప్ వాళ్ల ఫిర్యాదుల అధికారికి ఒక కాపీ పంపండి. పటాన్ని వెంటనే మీ పేరు మీద రిజిస్టర్ చేయించండి. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టవచ్చు, ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. కథకు మాత్రం అతని నిరభ్యంతర పత్రం లేకుండా మీరొక్కరే రిజిస్ట్రేషన్‌కు వెళ్లకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేతిలో ఉంటే కోర్టులో ప్రాథమిక సాక్ష్యం. ఎవరో చెప్పారని నోటుబుక్కును కవరులో పెట్టి మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టు చేసుకోవద్దు, చట్టంలో దానికి ప్రత్యేకమైన విలువ ఏమీ లేదు.

అతను మాట వినకపోతే దావా కోసం విశాఖ వెళ్లే పని లేదు. అదే చట్టం సెక్షన్ 62 మీరు నివసించే చోట జిల్లా కోర్టులోనే వేసుకోనిస్తుంది, అంటే మీకు రాయగడ. నష్టపరిహారం దావాకు ఉల్లంఘన జరిగిన రోజునుంచి మూడేళ్ల గడువు. మనలాంటి వాళ్లకు ఒక అదనపు పని ఉంది. తెలుగు నోటుబుక్కు ఒడిశా కోర్టులో దాఖలు చేయాలంటే అనువాదం జత చేయాలి. రెండు భాషలూ బాగా తెలిసినవాళ్ల చేత చేయించండి. మెట్టవారి పెద్ద మాటలు అనువాదంలో చప్పబడితే మీ కేసూ చప్పబడుతుంది.

కోర్టుకు వెళ్లేముందు ఒకసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. అతను ఆ బ్యాటు కాగితాన్ని ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్నాడు. దొంగతనం చేద్దామనుకున్నవాడు అలాంటి కాగితం దాచడు, పారేస్తాడు. పేర్లు రెండూ పడి, పటం కింద మీ పేరు పడి, కొండవాళ్ల భాగాలు మీరు తిరగరాసే ఒప్పందం కుదిరితే స్టాంపు పేపరు మీద రాసుకోండి. కాలం, ప్రాంతం, రాబడిలో వాటా అందులో తప్పక ఉండాలి.

నోటుబుక్కును లామినేషన్ చేయించకండి, కొత్త బైండింగు వేయించకండి. సిరా, కాగితం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. చెద పట్టకుండా బట్టలో చుట్టి బీరువాలో పెట్టి, నా దగ్గరకు వచ్చినప్పుడు అసలుదే తీసుకురండి.