అటకలో అడ్డగోడ లేకపోతే ఇల్లు అమ్ముడుపోదా?

ఇంగ్లండ్‌లో మీ పాత టెర్రస్ ఇంటి అటకలో పక్కింటికీ మీకూ మధ్య గోడ లేదని కొనేవాళ్ల తరఫున ఇల్లు పరీక్షించిన సర్వేయర్ రాశాడు, ఇప్పుడేం చెయ్యాలి అని కదా మీ ప్రశ్న. (టెర్రస్ అంటే మన డాబా కాదులెండి, గోడకి గోడ ఆనించి కట్టిన వరసిళ్లు. అటకంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఖాళీ.) లెస్టర్‌లో మాకూ అచ్చం ఇదే జరిగింది.

తొమ్మిదేళ్లున్నాం ఆ ఇంట్లో. అటక ఎక్కేది సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టె దింపడానికే. సర్వేయర్ రాశాక టార్చి పట్టుకుని ఎక్కితే, ఇటుక గోడ సీలింగ్ దాకా వచ్చి ఆగిపోయింది. అవతల ఎవరిదో క్రిస్మస్ చెట్టు పెట్టె. కింద నిచ్చెన పట్టుకుని మా ఆవిడ "ఏవండీ, ఏమైనా కనబడుతోందా?" అంటే, "వీధి వీధంతా కనబడుతోంది" అన్నాను.

ఒకింట్లో మంట అటకలోకి ఎక్కిందంటే, పొగా సెగా కప్పు కిందుగా పక్కిళ్లకి పాకుతాయి. మీ గదిలో అలారం మోగేసరికి నెత్తిమీద నిప్పుంటుంది. దొంగలకీ అదే దారి.

అలాగని మీ ఇల్లు చట్టవిరుద్ధమేమీ కాదు. ఆ రోజుల్లో కట్టిన ఇంటిని ఇప్పటి బిల్డింగ్ రెగ్యులేషన్ల ప్రకారం మార్చి తీరాలని లేదు. కానీ కొనేవాళ్లకి అప్పిచ్చే బ్యాంకు అడ్డం పడొచ్చు. ధర తగ్గించి వదిలించుకునేవాళ్లూ ఉన్నారు. మేం కట్టించేశాం; ఈ బేరం పోతే తర్వాత వచ్చే సర్వేయరూ అదే రాస్తాడు కదా.

ముందు పక్కింటివాళ్లతో మాట్లాడండి. ఉమ్మడి గోడని పైకి లేపాలంటే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం రెండు నెలల ముందు నోటీసివ్వాలి. త్వరగా మొదలుపెట్టుకోమని వాళ్లు రాసిస్తే అంతకాలం ఆగక్కర్లేదు. 14 రోజుల్లో జవాబు రాకపోతే మాత్రం వివాదం కింద లెక్క. ఇలాంటి ఉమ్మడి గోడల తగువులు తేల్చే పార్టీ వాల్ సర్వేయర్లు దిగుతారు, ఆ ఫీజులు మామూలుగా మీ నెత్తినే. మా పక్కింటి గుజరాతీ పెద్దావిడ చాయ్ ఇచ్చి మరీ సంతకం పెట్టింది, "దుమ్ము ఎవరు ఊడుస్తారు?" అని మాత్రం అడిగింది. నేనే ఊడ్చాను.

చవగ్గా వస్తున్నాడని మొదట పిలిచిన బిల్డరు మామూలు ప్లాస్టర్‌బోర్డు (జిప్సం పలక) ఒక్క వరస కొట్టి, కప్పు దగ్గర చెయ్యి దూరేంత సందు వదిలేశాడు. పొగకి ఆ సందు చాలు. అంతా విప్పించి, చెక్క ఫ్రేముకి రెండు వైపులా గులాబీ రంగు ఫైర్ బోర్డు రెండేసి వరసలు కొట్టించాం. కప్పు కిందా, చూరు మూలల్లోనూ మినరల్ వూల్ (మంటంటుకోని పీచు) కూరించాం. గంటసేపు మంటని ఆపాలి, అదీ లెక్క. బ్లాకులతో కట్టిస్తే ఆ బరువు కింది ఇటుక గోడ మీదే పడాలి, సీలింగ్ చెక్కల మీద కాదు. మీది మధ్య ఇల్లయితే రెండో వైపు కూడా చూసుకోండి.

పని మొదలయ్యేముందే కౌన్సిల్‌లో కట్టడాలు రూల్స్ ప్రకారం ఉన్నాయో లేదో చూసే బిల్డింగ్ కంట్రోల్‌ని అడగండి. బోర్డు మూసేముందు ఫోటోలు తీసి ఉంచుకోండి. కొనేవాళ్ల లాయరు మమ్మల్ని అడిగినవి ఆ ఫోటోలూ, కౌన్సిల్ కాగితమూనే.

అన్నట్టు, గోడ లేపేముందు ఎవరి సామాను ఎటుందో చూసుకోండి. మా వైపు చిక్కిన పాత సూట్‌కేసు ఒకటి ఎవరిదో తేలక, ఇంటితోపాటే కొత్తవాళ్లకి పోయింది.