ఈ ఒక్కసారికి నగలు గిర్వి పెట్టి మా ఆయన బెట్టింగ్ అప్పు తీర్చాలా?

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను చెల్లె. పెళ్లయి నాలుగేళ్లు, మీ ఆయనకు ఆన్‌లైన్ బెట్టింగ్‌లో ఆరు లక్షల అప్పు, ఇదే ఆఖరు అని పాప మీద ఒట్టేశాడు, నీ తొమ్మిది తులాలు గిర్వి పెడితే అంతా తీరిపోతుందంటున్నాడు, ఎవరికీ చెప్పుకోలేకపోతున్నా అన్నావు. పెట్టొద్దు. నేను పెట్టినదాన్నే కాబట్టి చెప్తున్నా.

మాది హన్మకొండ. ఆడింది మా ఆయన కాదు, మా తమ్ముడు. మా బాపు ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి ఊరందరి లెక్కలూ రూపాయి తేడా లేకుండా రాసిన మనిషి, కానీ సొంత కొడుకు ఎవరికెంత బాకీ పడ్డాడో మాత్రం ఆయనకు తెలియలేదు. మొదటిసారి 2021లో లక్షా ఎనభై వేలు, నేనూ బాపూ కలిసి కట్టాం. రెండోసారి 2023లో మూడు లక్షల చిల్లర, దానికి నా గాజులు గిర్వికి పోయాయి, చిట్టీ పాట పాడి ఎత్తిన పైసలూ పోయాయి. రెండుసార్లూ మా మరదలికి ఒక్క ముక్క చెప్పలేదు. కాపురం చెడుతుంది, పిల్ల భయపడుతుంది అని మాకు మేం చెప్పుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అదంతా మా పరువు కోసమే. మీ అత్తగారింట్లో కూడా నీకు తెలియకుండా ఇంతకుముందు ఎవరైనా కట్టారేమో ఒకసారి గట్టిగా అడుగు.

మూడోసారి 2024. ఫిబ్రవరిలో మేడారం జాతరకు అందరం పోయాం. వాడు నిలువెత్తు బంగారం తూయించి (బెల్లమే, మనవైపు వాళ్లకు చెప్పక్కర్లేదు కదా) సమ్మక్క గద్దె దగ్గర వెక్కి వెక్కి ఏడ్చి ఒట్టు పెట్టుకున్నాడు. అది నాటకం కాదు, ఆ ఏడుపు నిజమే, మీ ఆయన ఒట్టు కూడా నిజమే అయ్యుంటుంది. మార్చి 22న ఐపీఎల్ మొదలైంది. ఏప్రిల్ దాటకముందే వాకిట్లో ఇద్దరు నిలబడి తమ్ముడు ఎక్కడ అని అడిగారు.

తర్వాత డాక్టర్ ముందు వాడే చెప్పాడు, "అక్క పైసలు కట్టిన రాత్రి చాన్నాళ్లకు నిద్ర పట్టింది సార్, పొద్దున లేవగానే ఇప్పుడు నా మీద బాకీ లేదు కదా, జాగ్రత్తగా ఆడి అక్క పైసలు అక్కకు రికవరీ చేసి ఇచ్చేద్దాం అనిపించింది" అని. నా గాజులు విడిపించడానికే మళ్లీ ఆడాడన్నమాట! అది విన్నప్పుడు నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇంకోటి, ఆరు లక్షలు అన్నాడంటే ఆరే అనుకోకు. మొదట చెప్పే అంకె, నువ్వు తట్టుకుంటావని అతను అనుకున్న అంకె. ముందు క్రెడిట్ రిపోర్టు తీయించు, సిబిల్ లాంటి ఒక్కో క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, అతని ఫోన్‌లోనే, నీ ఎదుటే తీయాలి. మావాడు నాలుగు అన్నాడు, రిపోర్టులో యాప్ లోన్లు, క్రెడిట్ కార్డు కలిపి ఏడు దాటింది. చేబదుళ్లు, మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి అందులో కనబడవు. వాటి కోసం బాపు తన ఎర్ర అట్ట చిట్టా పుస్తకం ఒకటి తీసి వాడి ముందు పెట్టాడు. రెండు సాయంత్రాలు పట్టింది. ఒక్కో పేరు రాసి ఆగేవాడు, నీళ్లు తాగేవాడు, మళ్లీ రాసేవాడు. బాపు ఒక్క మాట అనలేదు, పేజీ నిండగానే అలవాటు కొద్దీ కింద పెన్సిల్‌తో మొత్తం వేసి, అదే అంకెను తర్వాతి పేజీ మొదట్లో ఎత్తి రాసేవాడు. చివరికి తొమ్మిది లక్షల అరవై వేలు. మరదలు పక్కనే కూర్చుంది. అప్పటికే ఆమెకు సగం తెలుసట, మాకు బాధ అవుతుందని ఆమె మా దగ్గర దాచింది!

ఆ అప్పు ఇప్పుడు వాడే కడుతున్నాడు, వాడి జీతంలోంచి, నెలనెలా. జీతం మరదలి ఖాతాలో పడుతుంది, ఫోన్‌లో యూపీఐ లేదు, చేతికి రోజుకు రెండు వందలు. ఎవరికి కట్టినా మరదలే నేరుగా కట్టి రసీదు తీసుకుంటుంది, వాడి చేతికి ఇచ్చి పంపడం లేదు. బాపు పట్టాదారు పాసుపుస్తకం, బంగారం కాగితాలు మా ఇంట్లో ఉన్నాయి. నువ్వు కూడా ఎక్కడా జామీను సంతకం, ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకు. నువ్వు సంతకం పెట్టకుండా అతను సొంతంగా చేసిన అప్పుకు చట్టప్రకారం నువ్వు బాధ్యురాలివి కాదు, ఎవరు వచ్చి అరిచినా సరే. రికవరీ వాళ్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు ఉంది, చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీస్తామనడం, ఫోటోలు మార్చి పంపుతామని బెదిరించడం చేస్తే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

ఇప్పుడు నిషేధం వచ్చింది కదా, ఎట్లాగూ మానేస్తాడు అని ఎవరైనా అంటే నమ్మకు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడటం నేరం, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. మావాడు మునిగిందంతా నిషేధంలోనే. యాప్ ఆగితే వాట్సాప్‌లో ఎవడో ఒకడు బెట్టింగ్ ఐడీ ఇస్తాడు.

డాక్టర్ దగ్గరికి వాడు మొదట రానన్నాడు, "నాకేమన్నా పిచ్చా" అన్నాడు. మరదలూ నేనూ ఇద్దరమే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి పోయాం. అతను లేకుండా మనం పోవచ్చు, ఇది చాలామందికి తెలియదు. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే పెట్టింది, తాగుడులాగే దీనికీ కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఉంటాయని అక్కడే తెలిసింది. ఇంట్లో ఏం మాట్లాడాలో, ఏం మానాలో మాకు చెప్పారు. మూడు వారాల తర్వాత వాడూ వచ్చాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, జబ్బు మాకూ పట్టింది. మధ్యలో రెండు నెలలు వాడు మా ఇంట్లో ఉన్నప్పుడు నేను జేబులు వెతికేదాన్ని, బాత్రూమ్‌లో ఎంతసేపున్నాడో లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు రాత్రి పదకొండుకు వంటింట్లో నిలబడి ఫోన్‌లో స్కోరు చూస్తూ చెన్నై గెలవాలని దేవుడికి మొక్కుతున్నా, వాడు ఎవరి మీద పెట్టాడో, అసలు పెట్టాడో లేదో కూడా నాకు తెలియదు! 2022లో వాడు ఒకసారి ఎనభై వేలు గెలిచి నాకు గద్వాల చీర తెచ్చాడు, ఎక్కడివిరా పైసలు అని అడగలేదు, తీసుకున్నా. ఆ చీర ఇంతవరకు కట్టలేదు. బయటి దేశాల్లో జూదరుల ఇంటివాళ్లకు గామ్-అనాన్ అని విడిగా సమావేశాలు ఉంటాయట, నాకు దొరికింది మా మరదలే. ఆదివారం సాయంత్రం ఇద్దరం వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తాం, మొదటి పది నిమిషాలు వాడి సంగతి, తర్వాత వాడి పేరు ఎత్తొద్దని పెట్టుకున్నాం. నువ్వు కూడా ఒక్క మనిషికైనా చెప్పు, మీ అమ్మకో, అక్కకో.

పైసలు ఇవ్వను అన్నాక "చస్తా" అనవచ్చు. దాన్ని బెదిరింపని కొట్టిపారేయకు, భయపడి నగలు తీసి ఇవ్వకు కూడా. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడుగు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకు, ఇంట్లో మాత్రలు, పత్తికి తెచ్చిన పురుగుమందు ఉంటే ఆ రోజే వేరే ఇంటికి పంపెయ్. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం, అతని కోసమే కాదు నీ కోసం కూడా. పరిస్థితి చేయి దాటితే నేరుగా ఆస్పత్రికే తీసుకుపో.

మావాడు ఇప్పుడు మానేశాడు అని రాయలేను. 2025 ఐపీఎల్‌లో ఒకసారి ఎవరి ఫోన్ నుంచో మూడు వేలు పెట్టాడు, మర్నాడు పొద్దున మరదలికి వాడే చెప్పాడు. నా గాజులకు ఇంకా మిత్తి కడుతూనే ఉన్నా.

ఈ రాత్రి నగల మాట పక్కన పెట్టి రిపోర్టు అడుగు. వచ్చిన అంకె ఇక్కడే రాయి, ఆరు కంటే ఎక్కువున్నా రాయి.