వాయిదా, ప్రొరోగ్, రద్దు: ఏది ఎక్కడ?

సందేహం: పార్లమెంటు సమావేశాల చివరి రోజున 'సభ నిరవధికంగా వాయిదా పడింది' అని రాస్తారు. కొద్ది రోజులకు 'రాష్ట్రపతి ఉభయ సభలను ప్రొరోగ్ చేశారు' అని మరో వార్త వస్తుంది. అప్పటికే వాయిదా పడిన సభను ఇంకా ప్రొరోగ్ చేయడం ఏమిటి? 2019లో బ్రిటన్ పార్లమెంటు ప్రొరోగ్ అయినప్పుడు సస్పెండ్ చేశారనీ, రద్దు చేశారనీ రెండు విధాలా చదివాను. ఏది సరైనది? దీనికి తెలుగు మాట లేదా?

సమాధానం: ఈ చిక్కుకు సగం కారణం మన 'సమావేశం' అన్న మాటే. ఒక పూట సభ కూర్చోవడాన్నీ, వారాల తరబడి సాగే బడ్జెట్ సమావేశాల వంటి మొత్తం విడతనూ మనం దాదాపు ఒకే మాటతో, ఏకవచన బహువచనాల తేడాతో నెట్టుకొస్తున్నాం. వాయిదా అనేది సభ కూర్చోవడానికి సంబంధించినది. మధ్యాహ్నం దాకా కావచ్చు, మర్నాటికి కావచ్చు, మళ్లీ ఎప్పుడన్నది చెప్పకుండా నిరవధికంగానూ కావచ్చు. ఏదైనా దాన్ని ప్రకటించేది సభాధ్యక్షులే. ప్రొరోగ్ చేయడం మొత్తం విడతను ముగించడం. ఆ అధికారం రాజ్యాంగం 85వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది, రాష్ట్రాలలో 174వ అధికరణం ప్రకారం గవర్నరుది. నిరవధికంగా వాయిదా పడిన లోక్‌సభను, ప్రొరోగ్ కానంత వరకు, స్పీకరు మళ్లీ కూర్చోబెట్టవచ్చు. ప్రొరోగ్ అయ్యాక మాత్రం రాష్ట్రపతి కొత్తగా పిలవవలసిందే. కనుక మీరు చూసిన రెండో వార్త మొదటిదానికి పునరుక్తి కాదు.

ఈ తేడా పుస్తకాలకే పరిమితమని అనుకోనక్కరలేదు. తెలంగాణ శాసనసభ 2021లో జరిపిన సమావేశాలను నిరవధికంగా వాయిదా వేశారే గాని ప్రొరోగ్ చేయలేదు. ఏటా మొదటి సమావేశాల ఆరంభంలో గవర్నరు ప్రసంగించాలని 176వ అధికరణం చెబుతున్నా, 2022 మార్చిలో బడ్జెట్ సమావేశాలు ఆ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. పాత సమావేశాలు ముగియలేదు గనుక ఇవి వాటికి కొనసాగింపేనని ప్రభుత్వం వాదించింది. నాటి గవర్నరు తమిళిసై సౌందరరాజన్ బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు. వివాదమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

రద్దు పూర్తిగా వేరు. లోక్‌సభ రద్దయితే సభ్యుల పదవీకాలం తీరి ఎన్నికలు వస్తాయి. రాజ్యసభకు రద్దు అన్నదే లేదు, కాని అది ప్రొరోగ్ అవుతుంది. రెండు మాటలూ ఒకటి కావనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. లోక్‌సభ పరిశీలనలో ఉన్న బిల్లులు రద్దుతో మురిగిపోతాయి; మన దేశంలో ప్రొరోగ్ వల్ల ఏ బిల్లూ మురిగిపోదని 107వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఇక 'సస్పెండ్' అన్న మాట తెలుగులో శిక్ష వాసన వేస్తుంది. మనం సస్పెండ్ చేసేది సభ్యుణ్ణి, ఉద్యోగిని, సభను కాదు. 2014లో రాష్ట్రపతి పాలన విధించి ఆంధ్రప్రదేశ్ శాసనసభను 'సుప్తచేతనావస్థ'లో ఉంచినప్పుడు పత్రికలు వాడిన ఆ పదబంధం కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది సభ రద్దు కాకుండానే పని నిలిచి ఉండే మరో స్థితి.

బ్రిటన్ సంగతికి వస్తే, అక్కడ జరిగింది రద్దు కాదు. ప్రధాని బోరిస్ జాన్సన్ సలహాపై రాణి పార్లమెంటును ప్రొరోగ్ చేశారు. ఆ సలహా చట్టవిరుద్ధమనీ, ప్రొరోగ్ చెల్లదనీ 2019 సెప్టెంబరు 24న అక్కడి సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పు చెప్పింది. మర్నాడు కామన్స్ సభ కూడినప్పుడు, సెప్టెంబరు 9 నాటి సభా పత్రంలో ప్రొరోగ్ అన్న నమోదును కొట్టివేసి, ఆనాడు సభ వాయిదా పడినట్టుగా నమోదు చేసినట్లు స్పీకరు ప్రకటించారు. వాయిదాకూ ప్రొరోగ్‌కూ తేడా ఏమిటని అడిగిన మీకు ఆ దిద్దుబాటే చక్కని ఉదాహరణ.

తెలుగు మాట విషయంలో తొందర పనికిరాదు. హిందీలో 'సత్రావసాన్' అంటారు. సంస్కృతపదమే కదా అని దాన్ని తెచ్చుకుంటే మనకు కుదరదు. నైమిశారణ్యంలో శౌనకాదులు చేసిన సత్రయాగం పురాణాలు చదివేవారికి తెలిసినా, నేటి తెలుగులో సత్రం అంటే బాటసారులు దిగే చోటు, అవసానం అంటే ప్రాణం పోయే వేళ. 'సత్రావసానం' అని శీర్షిక పెడితే ఏదో పాత సత్రం కూలిపోయిందని పాఠకుడు చింతించవచ్చు. 'దీర్ఘకాలిక వాయిదా' అనడం ఇంకా పొరపాటు, అది విడదీయవలసిన రెండింటినీ మళ్లీ కలిపేస్తుంది. 'సమావేశాల పరిసమాప్తి' అర్థానికి దగ్గరగా ఉంది, క్రియగా 'సమావేశాలను పరిసమాప్తం చేశారు' అనీ వాడుకోవచ్చు. అయితే చివరి రోజు వాయిదాను కూడా పత్రికలు 'సమావేశాలు ముగిశాయి' అనే రాస్తాయి గనుక, ఈ మాట ఒక్కదాన్నే వాడితే పాఠకుడు తికమకపడతాడు. అందువల్ల వార్తలో మొదటిసారి 'రాష్ట్రపతి సమావేశాలను పరిసమాప్తం (ప్రొరోగ్) చేశారు' అని రాసి, తరువాత ప్రొరోగ్ అనే కొనసాగించడం మేలని నా అభిప్రాయం. రాసేటప్పుడు 'ప్రోరోగ్' అని మొదటి అక్షరానికి దీర్ఘం ఇవ్వనక్కరలేదు.