జనాభా లెక్కలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. పాపులేషన్ స్టడీస్‌లో పీజీ చేస్తానని, దానికి ముంబై వెళ్తానని పట్టుబట్టింది. జనాన్ని లెక్కపెట్టడానికి పీజీ ఎందుకండీ? డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్స్ కూడా కట్టేశాను. రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, లోపలి భయం ఒక్కటే. చదివి కూడా పిల్ల ఇంట్లో కూర్చుంటే ఎలా, అడిగినవాళ్లకు ఏం చెప్పాలి? మీకు ముంబై టెన్షన్ కూడా తోడైంది. ఆ భయంలో తప్పు లేదు. కానీ అమ్మాయితో ఒక్క మాట అనకుండా అడ్వాన్స్ కట్టడం తప్పే. తనకేం కావాలో చెబుతున్న పిల్ల ముందు రసీదు పెడితే ఇంకేం మాట్లాడుతుంది?

లెక్కపెట్టడం ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్ పని. ఈ చదువు ఆ తర్వాత మొదలవుతుంది. మీ వీధిలో ఒక మామ్మగారిని వయసు అడగండి. "ఎనభై ఉంటాయి బాబూ" అంటారు. అందరూ అలాగే చెబుతారు కాబట్టి వయసుల గ్రాఫ్ గీస్తే సున్నాతో, అయిదుతో ముగిసే చోట గీత పైకి లేస్తుంది. పక్కనే 79, 81 దగ్గర పడిపోతుంది. అసలు వయసు పట్టుకోవాలంటే ఊరి సంగతులు అడగాలి. 1942లో జపాన్ వాళ్లు విశాఖ మీద బాంబులు వేసినప్పటికి నడుస్తున్నారా? ఉక్కు ఉద్యమం నాటికి పెళ్లయిందా? హుద్‌హుద్ తుపాను వచ్చేసరికి మునిమనవడు పుట్టాడా? ఆ గ్రాఫ్ ఎందుకలా ఉందో తెలిసిన మనిషికీ, దాన్ని కంప్యూటర్‌లో వేయడం మాత్రమే వచ్చిన మనిషికీ చాలా తేడా ఉంది.

డేటా సైన్స్ మీద నా అనుమానం అక్కడే. కోర్సు చెడ్డదని అనను. కానీ నా దగ్గరికి వచ్చే రెజ్యూమేల్లో చాలావాటిలో కొత్తగా నేర్చుకునేవాళ్లు సాధన చేసే అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా, అదే ప్రాజెక్టు. "ఈ అంకె ఇలా ఎందుకు వచ్చింది?" అని అడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొన్ని నెలల్లో వస్తుంది, ఇప్పుడైతే కోడ్ రాసిపెట్టే టూల్స్ కూడా వచ్చాయి. ఏ విషయం మీదా పట్టు లేకుండా టూల్ ఒక్కటే నేర్చుకున్న పిల్లలను చూస్తే నాకు దిగులేస్తుంది. మీ అమ్మాయికి స్టాటిస్టిక్స్ పునాది ఉంది. సాఫ్ట్‌వేర్ ఎలాగూ పీజీలో నేర్చుకుంటుంది.

మన రాష్ట్రాన్నే చూడండి. తరం నిలబడాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.7. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో మన అసెంబ్లీయే ఎత్తేసింది. అయినా జనాభా రేపే తగ్గిపోదు. గతంలో ఎక్కువగా పుట్టినవాళ్లు ఇప్పుడు పిల్లల్ని కనే వయసులో ఉంటారు కాబట్టి ఇంకొన్నేళ్లు పెరుగుతూనే ఉంటుంది. ఏ బడి ఖాళీ అవుతుంది, ఏ ఊళ్లో ముసలివాళ్లను చూసేవాళ్లు ఉండరు అన్నది ముందే చెప్పేవాళ్లు కావాలి. 2011 తర్వాత జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కి వచ్చింది. ఆ లెక్కలు వచ్చాక వాటిని చదివేవాళ్లూ కావాలి.

ఉద్యోగాల సంగతి దాచను. పర్మనెంట్ పోస్టులు తక్కువ. మొదట్లో సర్వేలు, ప్రాజెక్టు కాంట్రాక్టులు, ఊళ్లు తిరగడం ఉంటాయి. కానీ స్టాటిస్టిక్స్ డిగ్రీతో ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు, దాని సిలబస్‌లో డెమోగ్రఫీ, అంటే ఈ జనాభా శాస్త్రం కూడా ఉంది. అది రాకపోయినా పరిశోధన సంస్థలు, ఆరోగ్య రంగంలోని ఎన్జీఓలు ఉన్నాయి. పిల్ల రోడ్డున పడదు.

ముంబైలో ఆమె అడిగేది బహుశా దేవనార్‌లోని ఐఐపీఎస్ (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్). 1956 నుంచి ఉన్న సంస్థ, పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే నడిపింది కూడా వాళ్లే. ఎంట్రన్స్ వివరాలు అమ్మాయికి నాకంటే బాగా తెలిసుంటాయి. ఈలోగా మీకు దగ్గర్లోనే, ఆంధ్రా యూనివర్సిటీలో పాపులేషన్ రీసెర్చ్ సెంటర్ ఉంది. సెలవు పెట్టి అమ్మాయితో వెళ్లండి. ప్రశ్నలు తనను అడగనివ్వండి, మీరు పక్కన కూర్చుని వినండి. కట్టిన అడ్వాన్స్ వెనక్కి ఇస్తారేమో కనుక్కోండి. ఇవ్వకపోతే పోయింది అనుకోండి, ఆ డబ్బు కోసం అమ్మాయిని అందులో చేర్చకండి.